తూచి చూడు

కిందటి డిసెంబరులో మన బడి రోబో జట్టుకు నాలుగు సలహాలివ్వమని హెడ్మాస్టరు గారు పిలిస్తే వెళ్లాను. పది కిలోలు మించని రోబో, కార్పెట్ పరిచిన బరిలో తేలికపాటి బంతులు ఏరి బుట్టలో వేయాలి. ఎదుటి జట్టు రోబో నెట్టినా నిలబడాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "సార్, చక్రాలు లేకుండా హోవర్‌క్రాఫ్ట్‌లా చేస్తే కుదరదా?" అని అడిగింది. "కుదరదమ్మా" అనేశాను. ఇంటికి వచ్చాక ఆ మాటే మనసులో ముల్లులా మెదిలింది.

ఎందుకంటే 1984లో అదే గదిలో దాదాపు ఆ ప్రశ్నే నేనూ అడిగాను. ఏదో పత్రికలో హోవర్‌క్రాఫ్ట్ బొమ్మ చూసి, మనం చేయగలమా అన్నాను. మా సైన్సు మాస్టారు ఔననలేదు, కాదనలేదు. ల్యాబ్‌లోని స్ప్రింగు త్రాసు నా చేతికిచ్చి "తూచి చూడు" అన్నారు. సైకిలు పంపు గాలికి డబ్బా మూత కూడా లేవలేదు. అయినా ఆ వారమే నేను ఇంజనీరునయ్యాను అనుకుంటాను.

మాస్టారు త్రాసే ఎందుకిచ్చారో హోవర్‌క్రాఫ్ట్ చరిత్ర చదివాక అర్థమైంది. బ్రిటన్‌కు చెందిన క్రిస్టఫర్ కాకెరెల్ మార్కోనీ కంపెనీలో రేడియో ఇంజనీరుగా పనిచేసి, తర్వాత పడవల వ్యాపారంలోకి దిగాడు. నీటి రాపిడి తగ్గించడమెలాగని ఆలోచించి, 1955లో ఒక కాఫీ డబ్బాలో పిల్లి మేత డబ్బా దూర్చి, రెండింటి నడుమ సందులోంచి గాలిని కిందికి ఊదాడు. కింద పెట్టింది వంటింటి త్రాసు. ఒట్టి గొట్టంలోంచి ఊదినప్పటికంటే ఆ ఉంగరం లాంటి సందులోంచి ఊదినప్పుడు త్రాసు మీద ఒత్తిడి ఎక్కువ పడింది. ఆ ముల్లు చూపిన తేడాయే ఎస్‌ఆర్.ఎన్1కు పునాది. 1959 జూలై 25న, బ్లేరియో విమానంలో ఇంగ్లిష్ ఛానల్ దాటిన సరిగ్గా 50 ఏళ్లకు, అది కలే నుంచి డోవర్‌కు సుమారు రెండు గంటల్లో చేరింది. కాకెరెల్ కూడా అందులో ఉన్నాడు.

మొదట్లో అది చిన్న అలలను మాత్రమే దాటగలిగేది. లాటిమర్-నీధామ్ ఆలోచనతో చుట్టూ రబ్బరు గుడ్డ కుచ్చిళ్లు వేలాడదీశాక పెద్ద అలలకూ తట్టుకుంది. 1968 నుంచి 2000 వరకు పెద్ద హోవర్‌క్రాఫ్ట్‌లు కార్లతో సహా ప్రయాణికులను ఛానల్ దాటించాయి. ఇప్పుడు మన తీర రక్షక దళం తమిళనాడులోని మండపం వంటి చోట్ల, లోతు లేని నీళ్లలో, బురదలో, పడవా బండీ పోలేని చోట వాటిని వాడుతోంది.

మర్నాడు మళ్లీ బడికెళ్లి, తొందరపడ్డానని ఆ అమ్మాయికి చెప్పి, అందరం లెక్క మొదలుపెట్టాం. అరవై సెంటీమీటర్ల చదరపు పలక మీద పది కిలోల బరువంటే, చదరపు సెంటీమీటరుకు మూడు గ్రాములైనా పడదు. అంచు కింద మూడు మిల్లీమీటర్ల సందు ఉన్నా, గచ్చు నునుపైతే వంద వాట్ల మోటారు దాన్ని లేపగలదు. అంటే తేలడం కష్టం కాదు. నేను "కుదరదు" అన్నప్పుడు ఈ లెక్క వేయనేలేదు!

ప్లైవుడ్ పలకకు టార్పాలిన్ అంచు కట్టి, దుమ్ము ఊదే బ్లోయరు బిగించి, పది కిలోల బరువు పెట్టారు. వరండాలో లేచింది. పిల్లల కేకలకు పక్క తరగతులన్నీ బయటికొచ్చాయి. తర్వాత త్రాసు కొక్కెం తగిలించి లాగాం. ముల్లు కదిలీ కదలకముందే పలక జారిపోయింది. అదే బరువున్న బండిని, రబ్బరు చక్రాలు బిగించి లాగితే ఆరు కిలోల దాకా కదల్లేదు. వరండా వాలు మన కంటికి కనపడదు గానీ, పలకకు తెలుసు. వదిలేస్తే కాలువ వైపు పోయింది. కార్పెట్ మీద పెడితే గాలంతా నూలు సందుల్లోంచి పోయి చతికిలబడింది. బంతులు మూలకు ఎగిరిపోయాయి.

మా ఫ్యాక్టరీలో టన్నుల బరువున్న ట్రాన్స్‌ఫార్మర్లను గాలి దిండ్ల మీద తేల్చి నలుగురే నెట్టడం చూశాను. నునుపు గచ్చు, మెల్లని నడక, ఎదురు నెట్టేవాడు లేడు. అక్కడది వరం. నెట్టుకునే బరిలో ఆ జారుడే శాపం. నేల పట్టునివ్వని చోటికి కాకెరెల్ యంత్రం, పట్టే బలమైన చోటికి చక్రం.

పిల్లలు చక్రాలే ఎంచుకున్నారు. నేను మొదటి రోజు చెప్పిన జవాబే అది, కానీ ఇప్పుడది వాళ్ల జవాబు. ఆ కొలతల పట్టిక ల్యాబ్ గోడకు అంటించారు.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆ త్రాసు మాత్రం అదే అల్మారాలో ఉంది. ముల్లు సున్నా దగ్గర కాస్త పక్కకు నిలుస్తోంది. పిల్లలు ఆ తేడా తీసేసే లెక్క కట్టారు.