మేడ్చల్, శామీర్‌పేటలలో భూవినియోగ మార్పు: కంప్యూటర్ నమూనాల అంచనా

హైదరాబాదుకు ఉత్తరాన 44వ నంబరు జాతీయ రహదారిపై మేడ్చల్, రాజీవ్ రహదారిపై శామీర్‌పేట ఉన్నాయి. చెరువుల కింది వరికి, ద్రాక్ష తోటలకు పేరొందిన ఈ ప్రాంతానికి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జీనోమ్ వ్యాలీ, బిట్స్ పిలానీ ప్రాంగణం తరలివచ్చాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు 2018లో మేడ్చల్ సమీపాన కండ్లకోయ కూడలితో పూర్తయినది. ఇకముందు ఏ పొలాలు ఇళ్ల స్థలాలుగా మారగలవో అంచనా వేయుటకు కంప్యూటర్ నమూనాలు తోడ్పడతాయి.

పనిచేసే విధానం

ఉపగ్రహ చిత్రాన్ని చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిని పంటభూమి, బీడు, నీరు, కట్టడం అని గుర్తిస్తారు. ఎంత భూమి మారగలదో మార్కోవ్ పద్ధతి లెక్కిస్తుంది. ఎక్కడ మారగలదో సెల్యులర్ ఆటోమేటా పద్ధతి ఇరుగుపొరుగు గడులను, రహదారి దూరాన్ని, నేల వాలును బట్టి నిర్ణయిస్తుంది.

బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2005-06, 2011-12, 2015-16 సంవత్సరాలకు 1:50,000 స్కేలుపై దేశవ్యాప్త భూవినియోగ పటాలను రూపొందించినది. మొదటి రెండు పటాలతో నమూనాను సిద్ధపరచి, మూడవదానితో సరిపోల్చి చూడవచ్చును. ఆ పరీక్షలో నెగ్గిన తరువాతనే భవిష్యత్ అంచనాకు విలువ ఉంటుంది. అయితే ఈ మూడు పటాలూ రింగ్ రోడ్డు పూర్తికాక మునుపటివి. కావున రహదారి ప్రభావాన్ని నమూనాలో విడిగా చేర్చవలసి ఉంటుంది.

గమనించవలసిన అంశాలు

* వేసవిలో ఎండిన చెరువు చిత్రంలో ఖాళీ నేలగా కనిపిస్తుంది. అందుచేత ఒకే రుతువుకు చెందిన చిత్రాలనే పోల్చవలెను.
* ఇక్కడి రాతి గుట్టలను కొన్ని సందర్భాలలో కట్టడాలుగా పొరబడే అవకాశం ఉన్నది.
* ఇళ్లు కట్టని లేఅవుట్లు బీడుగా నమోదవుతాయి. వ్యవసాయేతర వినియోగ మార్పిడికి 2006లో చేసిన చట్టం కింద ఇచ్చిన అనుమతుల వివరాలతో వీటిని సరిచూచుకొనవలెను.

చెరువుల హద్దులే కీలకం

కట్టడాలు రాకూడని గడులను నమూనా తనంతట తాను గుర్తించలేదు. శామీర్‌పేట పెద్దచెరువు వంటి జలాశయాల పూర్తిస్థాయి నీటిమట్టం, శిఖం భూములు, వాగుల హద్దులను ముందుగానే నిషిద్ధ ప్రాంతాలుగా పొందుపరచవలెను. లేనియెడల ఎండిన శిఖంలోనూ నమూనా ఇళ్లనే చూపుతుంది. ఈ తరహా పటం జరగబోయేదానికి తీర్పు కాదు. నేటి పోకడ ఇట్లే కొనసాగినచో ఏమి జరుగునో తెలిపే హెచ్చరిక మాత్రమే. హద్దులు పాటించిన పటాన్ని, పాటించని పటాన్ని పక్కపక్కన ఉంచి చూచినప్పుడు ఏ చెరువుకు, ఏ ఆయకట్టుకు ముప్పు పొంచి ఉన్నదో అధికారులకు ముందుగానే తెలియగలదు.