ఇనుపత్రాటికి అయస్కాంత పరీక్ష

ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దున ఉన్న పెనుబల్లికి ఉత్తరముగా కొత్తగూడెం, ఇల్లెందు బొగ్గుగనుల ప్రాంతము కలదు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనగా, 1889లో త్రవ్వకము మొదలయ్యెను. గనులలోని ఏటవాలు దారుల వెంట బొగ్గుతొట్లను పైకి లాగునది ఉక్కుతీగెలతో పేనిన త్రాడు. శ్రీశైలమున పాతాళగంగ కడ, విశాఖపట్టణమున కైలాసగిరి పైన మనుష్యులను మోయు రోప్‌వేలకును అట్టి త్రాడే ఆధారము. అది లోలోపల చెడినదో లేదో, త్రెంచి చూడకుండ తెలిసికొనుట ఎట్లు?

పూర్వము గనులలో నారత్రాళ్లను, ఇనుపగొలుసులను వాడెడివారు. గొలుసులో ఒక్క కడియము విరిగినను బరువంతయు క్రింద పడును. జర్మనీలోని హార్జ్ కొండలలో గనుల అధికారియైన విల్‌హెల్మ్ ఆల్బర్ట్ దీనికి ఉపాయమాలోచించెను. నాలుగేసి ఇనుపతీగెలతో ఒక్కొక్క పేటను చేసి, అట్టి మూడు పేటలను కలిపి పేనించి, 1834లో ఆ త్రాటిని గనిలో వాడెను. ఇందు ఒక తీగె తెగినను తక్కిన తీగెలు బరువును మోయును.

అయితే ఈ గుణమే ఒక చిక్కును కూడ తెచ్చినది. కప్పీలపై మాటిమాటికి వంగుటచేత తీగెలు అలసిపోవును. ఒకదానితో నొకటి రాచుకొని అరగును. లోపల త్రుప్పు పట్టును. కంటికి కనబడునది పైపొర మాత్రమే. త్రాటి కొననుండి ఒక ముక్కను కోసి యంత్రముతో లాగి చూచినచో, ఆ ముక్క బలము తెలియునే కాని మిగిలిన త్రాటి సంగతి తెలియదు.

దారి చూపినది అయస్కాంతము. 1868లో ఇంగ్లండులో శాక్స్‌బీ దిక్సూచి సహాయమున తుపాకి గొట్టములలోని లోపములను కనిపెట్టెను. 1906లో దక్షిణాఫ్రికాలో మెకాన్, కాల్సన్ అనువారు తీగెత్రాళ్లకు విద్యుదయస్కాంత పరీక్షా పరికరమును నిర్మించిరి.

దాని సూత్రము సులభమైనది. త్రాటిని బలమైన అయస్కాంతముల నడుమ నడిపింతురు. బలరేఖలు ఉక్కు గుండ ప్రవహించును. తీగె తెగినచోట అవి గాలిలోనికి పొంగి, ప్రక్కనున్న తీగచుట్టను ఖండించును. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణచేత అందులో విద్యుత్తు పుట్టును. త్రాడు ఆగినచో ఈ సంకేతమును ఆగును. 1879లో హాల్ కనుగొన్న ఫలితముపై ఆధారపడిన గ్రాహకములకు ఈ ఇబ్బంది లేదు. అరుగుదలచే ఉక్కు తగ్గినచో బలరేఖల మొత్తము తగ్గును. దానిని వేరుగా కొలుతురు. మన దేశమున ధన్‌బాద్‌లోని కేంద్రీయ గనులు, ఇంధన పరిశోధన సంస్థ ఇట్టి పరీక్షలు చేయుచున్నది.

ఈ పరీక్షకును హద్దు కలదు. త్రాటి కొన పెట్టెకు బిగింపబడిన చోటికి పరికరము పోజాలదు. 2021 మే 23న ఇటలీలోని మొత్తరోనే కొండపై లాగుడుత్రాడు సరిగా అట్టి చోటనే తెగినది. అత్యవసరపు బ్రేకును పనిచేయనీయక ముందే బంధించి యుంచుటచే పెట్టె వెనుకకు జారి 14 మంది మరణించిరి. యంత్రము చూడలేని చోటును మనిషి చూడవలెను.

ఈ సూత్రమును తరగతిలో చూపవచ్చును. పాత రంపపు బ్లేడును దండాయస్కాంతముతో ఒకే దిశలో పలుమార్లు రుద్ది, ఉపాధ్యాయుడు దానిని గుడ్డలో చుట్టి రెండుగా విరువవలెను. విరిగిన కొనలను ఆనించి పెట్టి, పైన కాగితము పరచి ఇనుపరజను చల్లినచో, రజను బ్లేడు చివరలందే కాక నడుమ విరుపు వద్దను గుమిగూడును. కాగితము క్రింద దాగిన విరుపు అట్లు బయటపడును.