శాబాసు



శంషాబాదు విమానాశ్రయపు వాకిట ఒకనాడు ఒక వృద్ధుడు పరదేశమునకు పోవు మనుమని సాగనంపుచుండగా చూచితిని. ఆయన మనుమని వీపు తట్టి "శాబాసు బిడ్డా!" అనెను. కాని ఆయన మొగము వాడియుండెను. అది కనిపెట్టి మనుమడు "చియరప్, తాతా!" అనుచు లోనికి సాగిపోయెను. "అట్లనగా నేమి?" అని ఆ పెద్ద నన్నడిగెను. నాడు ముక్తసరిగా చెప్పిన మాటనే నేడు మీకు వివరముగ మనవి చేసెదను.

ఆంగ్లమున ‘చియర్’ అనుమాటకు మొదటి అర్థము సంతోషము కాదు, ముఖము. ప్రాచీన ఫ్రెంచి భాషనుండి 13వ శతాబ్దమున అది ఆంగ్లమున ప్రవేశించెను. షేక్స్పియరు మహాకవియు దానిని ముఖమను అర్థమున వాడియున్నాడు. మొగము చూచి మనసు తెలిసికొందుము గదా! అందుచే అది క్రమముగా మనఃస్థితికి, పిదప ఉల్లాసమునకు పేరయ్యెను. ఓడవారు కలసి వేయు ఉత్సాహపు కేకకు సైతము ఆ పేరే కలదని 1720లో వెలువడిన డీఫో నవలవలన తెలియుచున్నది. ‘చియరప్’ అనగా ఉల్లాసము తెచ్చుకొనుమనుట. దాని మూలము పట్టి చూచినచో, వాలిన మొగము పైకెత్తుమనుట.

ఇక మన శాబాసు. దీనినే కొందరు శభాషందురు. పారసీకమున ‘షాద్’ అనగా సంతోషము; ‘బాష్’ అనగా ఉండుము. ఈ రెండును కలసి కుదించుకొని ‘షాబాష్’ అయినవి. 1518 మొదలు 1687 వరకు గోలకొండ నేలిన కుతుబుషాహీల కొలువునను, 1724 పిదప ఆసఫుజాహీల కొలువునను పారసీకమునకు గొప్ప మన్నన యుండెను. ఆ భాషామాటలు కచేరీలనుండి పల్లెలకు దిగి తెలుగులైనవి. ఇట్టి అన్యదేశ్యములకై బ్రౌను దొర 1854లో ప్రత్యేకముగా నొక నిఘంటువునే ప్రకటించెను. శంషాబాదు పేరుననే సూర్యుడను అరబ్బీమాటయు, నివాసమను పారసీకమాటయు చేరియున్నవి.

కావున శాబాసు మూలమున మెచ్చుకోలు కాదు, దీవెన: సంతోషముగ నుండుమనుట. మనమో, దానిని గెలిచినవానికే దాచి పెట్టితిమి. పరీక్షలో మొదటివాడైన బాలునకు శాబాసు, తప్పినవానికి మందలింపు. పంట పండినవానికి శాబాసు, ఎండినవానికి మౌనము. సంతోషముగ నుండుమను మాట ఎవనికెక్కువ యవసరమో యోచింపుడు.

నాడు ఆ వృద్ధునితో నేనింతియే యంటిని: "అయ్యా, మీరిచ్చిన దీవెననే మీ మనుమడు మీకు మరియొక భాషలో మరల ఇచ్చిపోయినాడు." ఆయన మొగము కొంచెము విచ్చుకొన్నది.

పెద్దలారా! ఇకమీదట ఓడి ఇల్లు చేరిన బిడ్డ వీపునుగూడ ఒకమారు తట్టుడు. శాబాసనుడు. ఆ మాట పుట్టినది అందులకే.