అరచేతిలో సరస్వతి

పొద్దున ఆరింటికి బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో అయ్యవారు సరస్వతి పేరు రాస్తాడు. ఆ రోజుకి వాడే దొర. రెండోవాడి చేతిలో సున్న చుడతాడు: మెప్పూ లేదు, తప్పూ లేదని. మూడోవాడికి మెల్లగా ఒక బెత్తపు దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేకొద్దీ లెక్క పెరుగుతుంది. 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టర్ ఎ.డి. కాంబెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికలో మన వీధిబడి ఇలా తెల్లవారుతుంది. తెలుగుకు వ్యాకరణం రాసిన మనిషి కాబట్టి చూసింది తెలిసి రాశాడు.

ఇప్పటి అనంతపురం సీమ కూడా అప్పట్లో బళ్లారి జిల్లాలోదే. ఆ జిల్లాలోని 533 బడుల్లో 235 కన్నడానివి, 226 తెలుగువి. చదివేవాళ్లు 6,641 మంది. బడి అంటే భవనమేం కాదు. ఎవరిదో అరుగు, కాకపోతే గుడి మండపం, అదీ లేకపోతే చెట్టునీడ. పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు. పెద్దపిల్లవాడు చిన్నవాడి వేలు పట్టుకుని దిద్దించేవాడు. తనకొచ్చిన పాఠాన్ని తనకంటే చిన్నవాడికి చెప్పడం అక్కడ చదువులో భాగమే. ఈ పద్ధతిని కాంబెల్ మనసారా మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దీన్ని అనుకరించడం తగిన పనేనన్నాడు.

నా దృష్టిలో ఆనాటి మర్యాదకు పునాది ఆ వేలే. నిన్న తన వేలు ఎవరో పట్టుకున్నారు, ఇవాళ తను ఇంకొకడి వేలు పట్టుకోవాలి. పెద్దా చిన్నా అన్నది శతకాలు వల్లించి తెలుసుకున్న సంగతి కాదు. శతకాలూ వల్లించేవారు, అర్థం తెలియకుండానే. ఆ గుడ్డి వల్లెను కాంబెల్ తప్పుపట్టాడు కూడా.

ఆ బడిని తలచుకుని కన్నీరు పెట్టేవాళ్లు అక్కడి దూలం వంక కూడా చూడాలి. సోమరి పిల్లవాణ్ణి రెండు చేతులూ కట్టి, తాడుతో పైకి లాగి దూలానికి వేలాడదీసేవారు. కోదండం అంటే అదే. గుంజీలు సరేసరి. గోడకుర్చీ, తొడపాశం గురించి చెప్పి నవ్వే తాతలు కోదండం మాటెత్తితే నవ్వరు. పైగా ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందే. చాలా ఊళ్లలో దళితుల పిల్లలకు ఆ అరుగు ఎక్కే దారే లేదు. వినయం అని మనం పొగిడేదాంట్లో సగం భయమే, మిగతా సగమూ అందరికీ దక్కింది కాదు.

అయినా దసరా వస్తే ఆ బడి అందం వేరు. బెత్తం మూలన పడేది. పిల్లలు ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, రంగుకాగితాలు అంటించిన వెదురు విల్లంబులు పట్టుకుని, అయ్యవారి వెంట గడపగడపకీ వెళ్లేవారు. బాణం గూట్లో బుక్కాగుండ, పూలరేకులు. ఇంటి యజమాని వాకిట్లోకి రాగానే ఆయన మీద చల్లి, పాట అందుకునేవారు. నీళ్లు నమలకుండా, రాగయుక్తంగా, మా అయ్యవారికి వరహాలు ఇవ్వండి, మాకు పప్పుబెల్లాలు చాలు అని అడిగేవారు. రేపు రా, మాపు రా అని తిప్పుకునే ఇంటాయనకు ఆ పాటలోనే చురక. ఎనిమిదేళ్లవాడు ఊరి పెద్ద ఎదుట నిలబడి, తన గురువు కోసం అడిగేవాడు. అడుక్కుంటున్నామన్న చిన్నతనం ఎవరికీ ఉండేది కాదు. అరకొర జీతంతో ఏడాదంతా నెట్టుకొచ్చే పంతులుకు ఆ పండుగ రాబడే పెద్ద ఆధారం. ప్రతి ఇంటికీ ప్రతి పిల్లవాడూ ముఖం తెలిసినవాడయ్యేది కూడా ఆ రోజుల్లోనే. చెరువు గట్టు మీద వాడు అల్లరి చేస్తే చెవి మెలిపెట్టే హక్కు వీధి మొత్తానికీ వచ్చేది.

ఈ బడి పతనం మెల్లగా, మెట్టుమెట్టుగా సాగింది. తొలి దెబ్బ తగిలింది మగ్గానికి. విదేశీ నూలు గుడ్డలు దిగి చేతిపనివాళ్ల ఆదాయం పడిపోయింది, దేశం పేదదైపోతోంది, అందుకే పిల్లల్ని బడికి పంపే స్తోమత పోతోంది అని ఆ నివేదికలోనే కాంబెల్ రాశాడు. కుంఫిణీ కొలువులో ఉండి ఆ మాట రాయడానికి గుండె కావాలి. తర్వాత గ్రాంట్లు వచ్చాయి, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, అచ్చుపుస్తకాలు వచ్చాయి, బోర్డు స్కూళ్లు వచ్చాయి. పంతులుకు నెలజీతం వచ్చింది, మంచిదే. ఆడపిల్లలూ వచ్చారు, మరీ మంచిది. కానీ జీతం సర్కారు ఇస్తుంటే వీధికి పంతులుతో పనేముంది? విల్లంబులు పట్టిన ఊరేగింపు స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నేళ్లు కోస్తా పల్లెల్లో సాగి, ఆనక ఆగిపోయింది. కాన్వెంటు బస్సు వచ్చేసరికి పిల్లవాడి బడి ఏ ఊళ్లో ఉందో కూడా వీధికి తెలియకుండా పోయింది.

ఇప్పటి పిల్లలకు మర్యాద లేదనేవారితో నేను ఏకీభవించను. వాళ్లు థాంక్యూ అంటారు, సారీ అంటారు. మా తరానికి ఆ రెండూ నోరు తిరిగేవి కావు. మాస్టారిని ఎందుకని నిలదీసి అడుగుతారు, అడగాలి కూడా. పిల్లల్ని కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని విద్యాహక్కు చట్టం నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టానికి వంక పెట్టేవాడికి కోదండం రుచి తెలియదు. నాకున్న బాధల్లా వేరు. బాబాయి, పిన్నిగారు, మామయ్య అని ఒక్కొక్కరినీ ఒక్కో వరసతో పిలవాల్సిన పిల్లవాడు అపార్టుమెంటు లిఫ్టులో అందరినీ అంకుల్, ఆంటీ అంటాడు. అది వాడి తప్పు కాదు. ఆ నాలుగు అంతస్తుల్లో ఎవరి వాకిట్లోనూ నిలబడే పని వాడికి ఎప్పుడూ పడలేదు. తనకంటే చిన్నవాడి వేలు పట్టి దిద్దించమని వాడికి ఎవరూ చెప్పలేదు. ట్యూషన్‌లో పక్కవాడు పోటీదారు.

మీ ఇంట్లో ఎనభై దాటిన తాతయ్యో నాయనమ్మో ఉంటే, విల్లంబు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారేమో, గడపలో నిలబడి ఆ ఊరేగింపు చూశారేమో అడగండి. ఒక్కో ఊళ్లో ఒక్కోలా పాడేవారు. ఈ దసరాకే పాడించి, పక్కన మనవణ్ణో మనవరాలినో కూర్చోబెట్టి, ఫోనులో రికార్డు చేసి ఉంచండి.