సీకీ పిడికిలి

1922 సెప్టెంబరు 24న పారిస్‌లోని బఫెలో వెలోడ్రోమ్‌లో ఒక బాక్సింగ్ పోటీ జరిగింది. ఫ్రాన్సు ఆరాధించే ఛాంపియన్ జార్జి కార్పెంటియర్‌ను, సెనెగల్‌లో పుట్టిన నల్లజాతి యువకుడు బాట్లింగ్ సీకీ ఆరవ రౌండులో పడగొట్టాడు. సీకీ కాలు అడ్డుపెట్టాడంటూ రిఫరీ అతణ్ణే ఓడినట్లు ప్రకటించాడు. ప్రేక్షకులు మండిపడ్డారు. చివరకు న్యాయనిర్ణేతలు విజయం సీకీదేనని ఒప్పుకోక తప్పలేదు.

ఇద్దరూ మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు పక్షాన పోరాడి శౌర్యపతకాలు పొందినవారే. కాని 1921లో అమెరికాలో డెంప్సీ చేతిలో ఓడివచ్చినా కార్పెంటియర్ జాతీయ వీరుడుగానే నిలిచాడు. గెలిచిన సీకీని మాత్రం పత్రికలు కోతితో పోల్చాయి. ఆ ఏడే లండనులో తెల్లవాడైన బెకెట్‌తో అతను తలపడవలసిన పోటీని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. సామ్రాజ్యంలో జాతివైరం రేగుతుందట!

కందకంలో నల్లవాడి చేతికి తుపాకి ఇచ్చినప్పుడు లేని భయం, ఆ చేయి బరిలో లేచేసరికి సామ్రాజ్యాలకు పుట్టుకొచ్చింది. అప్పుడు పారిస్‌లో ఉన్న హోచిమిన్ ‘ల పరియా’ పత్రికలో సీకీని గురించి రాయడం యాదృచ్ఛికం కాదు.

1925 డిసెంబరులో న్యూయార్కు వీధిలో సీకీ తుపాకిగుండ్లకు బలి అయ్యాడు. అతనిది ఒక తాగుబోతు కథ అని తేల్చివేయడం సులభం. ఆనాడు రిఫరీ ఎందుకంత తొందరపడ్డాడని అడిగినప్పుడే చరిత్ర మొదలవుతుంది.