తాళ్లపాక పదముల వరుసలు

ఐరోపాఖండమునఁ బూర్వకాలపు వాద్యములతోనే పూర్వసంగీతమును వాయించు మేళములు గలవు. వారికి వ్రాఁతలోనున్న స్వరలిపి యాధారము. తాళ్లపాక అన్నమాచార్యుని (1408-1503) విషయమున మన కట్టి భాగ్యము లేదు. తిరుమల సంకీర్తనభాండారమునఁ దొరకిన రాగిరేకులపైఁ బదముతోడ రాగనామమును జెక్కిరి గాని స్వరములను జెక్కలేదు. ఆ నామములలోఁ గొండమలహరి, ఆబాలి వంటివానిని నేఁడు పాడువారే యరుదు.

2008వ సంవత్సరమున నాతని 600వ జయంతికిఁ గచేరీలు జరిగినవి. అట్టి సభలలో వినవచ్చు వరుసలు పెక్కు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893-1979) మొదలగు నిటీవలివారు కట్టినవి. అందుఁ దప్పేమి? వారు పూనుకొనకున్నఁ బదములు పుస్తకములలోనే పడియుండెడివి. అయినను సభాపత్రములలోఁ దఱచు కవిపేరు మాత్రమే యచ్చువేసి, వరుస కట్టినవారి పేరు విడుచుట నాకు సమ్మతము గాదు. వినువారు దానినే యాచార్యుని గానమని తలఁచి, పిల్లలకు నట్లే నేర్పుచున్నారు.