వేలెడంత సైనికుడు - కొన్ని రంగుల అబద్ధాలు

ఆన్‌సైట్ అంటూ ఇంగ్లండ్‌లో ఏడాది పాటు చలికి వణికిన రోజుల్లో మా టీమ్‌లో యాభై దాటిన డేటాబేస్ పెద్దాయన ఒకరుండేవారు. ఓ శనివారం టీకి పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళాను. డైనింగ్ టేబుల్ నిండా వేలెడంత కూడా లేని లోహపు సైనికులు! నా చేతికి ఒక బొమ్మా, బ్రష్షూ ఇచ్చి కోటుకి ఎరుపు వెయ్యమన్నారు. గీత దాటకుండా శ్రద్ధగా వేశాను. తీరా చూస్తే క్యారమ్స్ కాయిన్‌లా ఉంది. ఆయన నవ్వి, ముదురు గోధుమ రంగు బోలెడు నీళ్ళలో కలిపి దాని మీద పులిమేశారు. నా కష్టమంతా పాడుచేశారే అనుకున్నా. ఆరాక చూస్తే కోటుకి మడతలొచ్చాయి, మొహానికి కళ్ళొచ్చాయి.

అసలు రంగు వేస్తే బొమ్మలా ఉంది, మురికినీళ్ళు పోస్తే మనిషిలా ఉంది. ఇదేం తిరకాసు? ఆ కుతూహలంతో అప్పట్నుంచీ చదివిందే ఇది.

వింతేంటంటే, ఈ ఆటకి మూలపురుషులకి రంగుల గొడవే లేదు. 1824లో ప్రష్యా సైన్యంలో లెఫ్టినెంట్ రైస్విట్జ్, తండ్రి మొదలుపెట్టిన యుద్ధక్రీడని మెరుగుపరిచి నియమాలు అచ్చువేశాడు. 1:8000 స్కేలు మ్యాపు, ఎరుపు, నీలం దిమ్మలు, పాచికలు. అంతే. నిజంగా యుద్ధానికి వెళ్ళబోయే ఆఫీసర్లకి మీసాలున్న బొమ్మలు అక్కర్లేకపోయింది! వాళ్ళకి రియలిజం అంటే లెక్కల్లో ఉండాల్సింది.

రంగులు పిల్లల బొమ్మల వైపు నుంచి వచ్చాయి. 1839 నుంచి నురెంబర్గ్‌లో హైన్‌రిక్సెన్ రేకుల్లాంటి పల్చటి తగరపు సైనికుల్ని పోతపోశాడు. రేకు మనిషికి ఒళ్ళు రావాలంటే నీడని కుంచెతో గీయాల్సిందే. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ లోపల బోలుగా ఉండే నిండైన సైనికుల్ని తెచ్చింది. నిగనిగలాడే ఎనామెల్, గులాబి బుగ్గలు. ఒళ్ళు వచ్చింది కాబట్టి నీడ పోయింది. 1913లో 'లిటిల్ వార్స్' రాసిన హెచ్.జి.వెల్స్ ఆడుకున్నది ఇలాంటివాళ్ళతోనే, స్ప్రింగు ఫిరంగితో కొట్టి పడేస్తూ.

1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 'వార్ గేమ్స్' వచ్చాక ఇది పెద్దవాళ్ళ హాబీగా స్థిరపడింది. అప్పట్లో రియలిజం అంటే యూనిఫామ్. ఏ రెజిమెంట్ కాలర్ ఏ రంగు, గుండీలెన్ని? మనం స్పెక్ చూసి కోడ్ రాసినట్టన్నమాట. చిక్కేంటంటే ఆ స్పెక్ పరేడ్ గ్రౌండ్‌ది. 1812లో మాస్కో నుంచి వెనక్కి నడిచిన నెపోలియన్ సైన్యం ఒంటి మీద ఆ బట్టలు అలా మిగిలాయా?

అసలు మలుపు 1970ల్లో, 80ల్లో వచ్చింది. అమెరికాలో షెపర్డ్ పెయిన్, బెల్జియంలో ఫ్రాన్స్వా వెర్లిండెన్ లాంటి మోడలర్లు రంగు బదులు వెలుగు మీద పడ్డారు. 28 మిల్లీమీటర్ల బొమ్మని రెండడుగుల దూరం నుంచి చూడ్డమంటే, అసలు మనిషిని ముప్ఫై మీటర్ల పైచిలుకు దూరం నుంచి చూడ్డమే. అంత దూరంలో కనబడేది గుండీలు కాదు, వెలుగు నీడలు. గదిలో ట్యూబ్‌లైటేమో అన్ని వైపులా మెత్తగా పరుచుకుంటుంది, నీడ గట్టిగా పడదు. కాబట్టి పూయాలి. పల్చటి రంగు పల్లాల్లోకి జారితే అది వాష్. బ్రష్‌ని గుడ్డకి తుడిచేసి, మిగిలిన పొడి రంగుని మిట్టల మీద రాస్తే అది డ్రైబ్రష్. 1979లో మొదలైన సిటడెల్, 1983 నాటి వార్‌హామర్ ఆటా ఇలాంటి పద్ధతుల్ని కుర్రాళ్ళ చేతుల్లో పెట్టాయి. కెవిన్ డాలిమోర్ 'నీడ, అసలు రంగు, వెలుగు' అని మూడు రంగులకి కుదించి నేర్పాడు. కొత్తదేం కాదండోయ్, 1400 ప్రాంతాల్లో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీనీ గోడమీద బట్టల మడతలు వెయ్యడానికి మూడు గిన్నెల్లో మూడు ఛాయలు కలుపుకోమన్నాడు!

గేమ్ ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళకి ఈపాటికి వెలిగుండాలి. 1996లో క్వేక్ గేమ్ చేసింది ఇదే. వెలుగుని ముందే లెక్కకట్టి గోడల మీద లైట్‌మ్యాప్‌గా అతికించేసింది. ఇబ్బందీ అదే. బొమ్మని తిప్పినా దాని నీడ తిరగదు.

ఆ తర్వాత అంతా ఆటోమేషన్. 2007లో మొదలైన ఆర్మీ పెయింటర్ కంపెనీ, రంగులేసిన బొమ్మని వార్నిష్‌లో ముంచి విదిలించమంది. 2019లో సిటడెల్ కాంట్రాస్ట్ రంగులు ఒక్క పూతలోనే నీడా వెలుగూ ఇస్తామన్నాయి.

నాకు తేడాగా అనిపించేది చివరి మెట్టు దగ్గర. దీన్ని వెదరింగ్ అంటారు, అంటే ఎండావానా తిన్నట్టు చెయ్యడం. ట్యాంకుకి ముందు తుప్పు రంగు, దాని మీద హెయిర్ స్ప్రే, పైన అసలు రంగు. తడిపి బ్రష్‌తో రుద్దితే పై రంగు పెచ్చులుగా లేచి కింద తుప్పు కనిపిస్తుంది. అద్భుతంగా ఉంటుంది, కాదనను. కానీ రెండో ప్రపంచయుద్ధంలో చాలా ట్యాంకులకి అంత తుప్పు పట్టేంత ఆయుష్షే లేదు. లోపలున్న కుర్రాళ్ళకీ లేదు. నేను చూసిన బల్లల మీద ప్రతి బూటుకీ బురదుంది, ఒక్క మొహంలోనూ భయం లేదు.

వెల్స్ తన పుస్తకం చివర్లో, ఈ చిన్న యుద్ధం ఆడితే చాలు, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలుస్తుందని వాదించాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆయనే దాన్ని యుద్ధాల్ని అంతం చేసే యుద్ధమని సమర్థించాడు కూడా. మరి బొమ్మ ఏం నేర్పినట్టు? ఒకటి మాత్రం చెప్పగలను. గులాబి బుగ్గల సైనికుడు నేను బొమ్మనని ఒప్పుకుంటాడు. మురికినీళ్ళు తాగినవాడు ఒప్పుకోడు.

పెద్దాయన ఇచ్చిన ఆ ఎర్ర కోటువాడు ఇప్పటికీ నా మానిటర్ కిందే నిలబడున్నాడు. కిటికీ ఎటున్నా వాడి నీడ మాత్రం కిందికే. బాగున్నాడనే అంటాను. నిజంలా ఉన్నాడని మాత్రం అనను. మీరేమంటారు?